తీసి బిగించినవి

2003 ఏప్రిల్ 24, గురువారం. మదనపల్లె.

కళ్ళు తెరవగానే మళ్ళీ అదే. "బండి ఎట్లుండాది?"

తన కాలు ఎట్లుందని అడగడు. నేను తిన్నానా అని అడగడు. ఎడమ కాలు తొడ నుంచి మడమ దాకా కట్టులో ఉంది. పక్క మంచంమీద మనిషి నొప్పికి మూలుగుతుంటే నా మొగుడు వ్యాను కోసం మూలుగుతాడు. "బాగుంది, మీ అన్న దగ్గరుంది" అన్నాను. బాగుందో లేదో నాకేం తెలుసు. నేనింకా చూడనే లేదు.

ఈస్టరు ముందురోజు. వి.కోటలో పెళ్ళివాళ్ళను దింపి, అట్లే కుప్పం పోయి అన్నను చూసి వస్తానన్నాడు. ఎదురుగా లారీ, కళ్ళలో కొట్టే లైట్లు. ఎడమకు కోశాడు. కాలవ మీది మోరీ గోడ. లారీ ఆగలేదు. మా వ్యానుకు ముందు ముక్కు లేదు — అద్దం, రేకు, ఆ వెంటనే మోకాళ్ళు.

ఏప్రిల్ 25.

ఆస్పత్రి వరండాలో ప్రార్థనకు మోకరించాను. "ప్రభువా... ఎస్టిమేటు" అన్నాను. అంతే వచ్చింది. పిల్లలకు వ్యాసం ఎట్లా మొదలుపెట్టాలో ఏడాదంతా చెప్పేదాన్ని, దేవుడికి ఒక వాక్యం చెప్పలేకపోయాను.

ఇన్సూరెన్సు ఆఫీసులో తలెత్తకుండా చెప్పారు. ఎస్టిమేటు తేవాలి. సర్వేయరు వచ్చి చూస్తాడు. అంతదాకా బండిని ముట్టుకోవద్దు. ఆ చివరి మాట రెండుసార్లు చెప్పారు. తల ఊపాను.

ఏప్రిల్ 26, శనివారం.

ఎస్టీడీ అంగడి నుంచి కుప్పానికి ఫోను. బావ షెడ్డు పక్కన టీ కొట్టు నంబరు. ఎవరో కేక వేశారు, బావ పరిగెత్తి వచ్చినట్టున్నాడు, ఎగశ్వాస. నేను ఎస్టిమేటు అనేలోగా ఆయనే —

"దిగులు పడొద్దమ్మా సుగుణా. మొకం తీసేసినా."

"చాలా సంతోషం బావా" అన్నాను. మొకం తీయడం ఏమిటో అడగాలని తోచలేదు. ముట్టుకోవద్దన్న మాట కూడా చెప్పాను, చివర్లో. ఆయన "ఊ" అన్నాడు. ఆ ఊ కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు గుర్తొస్తోంది.

ఏప్రిల్ 28, సోమవారం. కుప్పం.

ఆయన దగ్గర మా అమ్మను కూర్చోబెట్టి బయల్దేరాను. పుంగనూరులో దిగి, ఇంట్లో బండి కాగితాలు తీసుకొని, మళ్ళీ బస్సు. కాగితాలన్నీ నా పేరు మీదే. నా జీతం చూసి ఇచ్చిన లోను కదా. ఆయన నవ్వేవాడు — "ఓనరమ్మా, డ్రైవరుకు టీ ఏదీ?"

వి.కోట దాటాక మోరీ కనిపించింది. గోడకు మా వ్యాను తెల్ల రంగు అంటుకొని ఉంది. కళ్ళు మూసుకోవాలనుకున్నాను. మూసుకోలేదు.

షెడ్డు. వ్యాను. భయపడినంత లేదు, అందుకని ముందు సంతోషం వేసింది కూడా. ముందు రేకు దాదాపు చదునుగానే ఉంది. ఎడమ తలుపు మూసుకుంటోంది. లోపల కడిగేసి ఉంది, ఫినాయిలు వాసన.

"నాకు సూడబుద్ధి కాలేదమ్మా. నా తమ్ముని బండి. ఆ మొకం పెట్టుకొని రోడ్డు పక్కన నిలబడుంటే నాకు అన్నం యెట్ల దిగేది?"

ఆయన షెడ్డులో అది అలవాటట. దెబ్బ తిన్న బండి వస్తే ముందు సుత్తితో, కట్టెదిమ్మెతో లోపలి నుంచి కొట్టి ఒక ఆకారానికి తెస్తారు. ఆ తర్వాతే బేరమైనా, టీ అయినా. బస్సులైనా అంతే, టెంపోలైనా అంతే. దాని పేరు మొకం తీయడం. నేను ఫోను చేసేసరికే తీసేశాడు.

ముట్టుకోవద్దన్నారని మళ్ళీ చెప్పలేకపోయాను. ఆయన చేతులు చూస్తే... బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. తమ్ముడి కోసం కొడుతూ సొంత వేలిమీద కొట్టుకున్నాడు. ఆయనకు నిదానమెక్కువ, ఎప్పుడూ అట్లా తగలదు.

డ్రైవరు సీటు కింద గంట దొరికింది. దిగాల్సిన చోటు వస్తే బడి పిల్లలు లాగడానికి మా ఆయన తాడుతో కట్టిన ఇత్తడి గంట. మేకల సంతలో కొన్నాడు. తాడు తెగింది. గంటకేమీ కాలేదు. సంచిలో వేసుకున్నాను.

ఏప్రిల్ 29.

సర్వేయరు వచ్చాడు. చిన్నవాడు. మెడలో కెమెరా. మర్యాదస్తుడు, అది నా ఖర్మ — కసిరే రకమైతే నేనూ కసిరేదాన్ని.

వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు రేకు మీద వేలు రాశాడు. "దీనికి దెబ్బ ఏదప్పా?"

బావ గర్వంగా, "కొట్టేసినా సార్. ఇంత లోపలికి పోయుండె." రెండు చేతులూ చాపి చూపించాడు.

"కొట్టే ముందు ఫోటో ఏమన్నా తీసినారా?"

లేదు. ఎవరికి తోస్తుంది ఫోటో?

"నేను కండ్లతో సూసిందే రాయగలను మేడం. సేతులతో సూపించింది రాయలేను."

అప్పుడు అర్థమైంది బావకు. వంగి సుత్తి తీసుకున్నాడు. "ఉండండి సార్. మళ్ళీ అట్లే పెట్టేస్తా. యాడ ఎంత పోయుండెనో నాకు బాగా గుర్తుండాది."

నవ్వొచ్చింది నాకు. ఆపుకోలేని నవ్వు, అది పోయి పోయి ఏడుపులో తేలింది. సర్వేయరు తల పక్కకు తిప్పుకున్నాడు. "వద్దు పెద్దాయనా. సుత్తి దించు."

ముందు రేకు, ఎడమ తలుపు — సర్వేకు ముందే సరిచేసినవి, చెల్లవు. మిగతావి ఒక్కొక్కటీ వేరుగా రాసి ఎస్టిమేటు ఇవ్వాలి. లోపలిది విప్పి చూపించాలి. విప్పవచ్చు, కొట్టకూడదు.

బావ సాయంత్రం దాకా సుత్తి ముట్టుకోలేదు. నేనూ ఓదార్చలేదు. కోపంగానే ఉంది. ప్రేమ ఉంటే అడిగి చేయకూడదా?

మే 1.

బావ రాసిచ్చిన ఎస్టిమేటు: "వ్యాను ముందర పని, టింకరింగు, పెయింటు, అంతా కలిపి." కింద ఒక అంకె. అయిపోయింది. పరీక్షలో ఇట్లా రాసే పిల్లలు నాకు తెలుసు — జవాబు తెలుసు, లెక్క చేసిన దారి చూపించరు.

"ఇట్లయితే ఎవరొప్పుకుంటారు బావా?"

"నాకు తెలిసినప్పటి నుంచి ఇట్లనే కదమ్మా. బండి సూస్తారు, అంకె సూస్తారు, సరే అంటారు."

సరే, నేనే కూర్చున్నాను. స్టూలు మీద తెల్ల కాగితం, ఆయన వ్యాను కిందనుంచి చెబుతాడు, నేను రాస్తాను. మధ్యాహ్నానికి ఒకటి అర్థమైంది — ఇంత పెద్ద పనికీ మాటలు మూడే. సరిచేయాలి. మార్చాలి. తీసి బిగించాలి. ప్రతి వస్తువు పక్కనా ఆ మూడింట్లో ఏదో ఒకటి రాయాలి. సొట్ట రేకైతే సరిచేయడం. పగిలిన లైటు, అద్దం అయితే మార్చడం. రంగు వేరే పద్దు. కూలి వేరే పద్దు. ప్లాస్టిక్కు, రబ్బరు మారిస్తే సగమే ఇస్తారట, పాతబడింది కాబట్టి.

మూడోది మాత్రం మింగుడుపడలేదు. సీటుకు ఏమీ కాలేదు. మీటర్ల చట్రానికి కుడివైపు ఏమీ కాలేదు. వాటి పక్కన కూలి ఎందుకు?

"అది తీయకుంటే లోపలికి సెయ్యి యెట్ల పోతాదమ్మా? తీసి పక్కన పెట్టాల, పనైనాక బిగించాల. అది దెబ్బ కాదు. కానీ పనే."

మే 2.

నేనూ ఆ మూడో మాటలోనే ఉన్నాను. దెబ్బ తగల్లేదు. తీసి పక్కన పెట్టారు.

మే 4, ఆదివారం. పుంగనూరు.

ఆరాధనకు వెళ్ళాను. పాస్టరుగారు ఆయన పేరెత్తి ప్రార్థన చేశారు. అందరూ "ఆమెన్" అన్నారు, బయటకొచ్చాక అందరూ ఒకటే అడిగారు. "జూన్‌కు వ్యాను వస్తాదా టీచర్?" పాపం వాళ్ళ తప్పు లేదు. బడి తెరిస్తే పిల్లలను ఎవరు తేవాలి. ఒక తల్లి మాత్రం నా చెయ్యి పట్టుకొని, "మావోడు వేరే ఆటో ఎక్కనంటాడు, గంట ల్యాకుంటే ఎక్కడంట" అంది.

మాకు పిల్లలు లేరు. సాయంత్రం బడి వదిలాక ఆ వ్యాను నిండా పిల్లలే. ఆయనకు అది చాలు. నాకూ చాలనే అనుకునేదాన్ని.

మే 6. మదనపల్లె.

డాక్టరమ్మ వరండాలోకి పిలిచారు. మెల్లగా చెప్పారు, మంచిగా చెప్పారు. ఎముక అతుకుతుంది. నడుస్తారు. మోకాలి చిప్ప ముక్కలైంది కాబట్టి మోకాలు వంగదు. వంగదంటే కొంచెమైనా... "వంగదమ్మా."

ఎడమ కాలు. క్లచ్చి కాలు.

లోపలికి వచ్చేసరికి దిండుకు ఆనుకొని ఎదురుచూస్తున్నాడు. "డాక్టరమ్మ ఏమంటాది?"

"నడుస్తారంట."

"అంతే కదా మరి" అన్నాడు. "ఎస్టిమేటు సదువు."

చదివాను. కళ్ళు మూసుకొని విన్నాడు, పిల్లలు పద్యం అప్పజెప్పేటప్పుడు నేను వినేటట్టు. "హెడ్‌లైటు ఎడమ — మార్చాలి." ఊ. "స్టీరింగు — తీసి బిగించాలి." ఊ. "క్లచ్చి పెడలు — సరిచేయాలి." ఊ అనలేదు. కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నేను తర్వాతి పద్దుకు పోయాను.

చెప్పలేను. ఈ మనిషికి చెప్పలేను. వ్యాను మీద ఆశతోనే రెండు ముద్దలు తింటున్నాడు. అది కూడా నేనే లాక్కోవాలా, తండ్రీ?

మే 8, గురువారం. కుప్పం.

మళ్ళీ కుప్పం. విప్పారు. సీట్లు, అడుగు చాప, మీటర్ల చట్రం అన్నీ షెడ్డు గోడకు ఆనించి ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసినట్టుంది.

కింద, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక దూలం. బీము అంటాడు బావ. బండి బరువంతా దానిమీదే. దానికి పగులు. చెయ్యి పెట్టి తడిమించాడు. గోరంత సందు, నూనె మురికి కింద. కొట్టిన రేకు అంత అందంగా ఉంటే, దాని వెనక ఇది.

"వెల్డింగు పెట్టి అతికిస్తా. పైన పట్టీ కొడితే ఎవురికీ తెలీదు. సరిచేయాల అని రాయమ్మా."

"అతికించింది మళ్ళీ విడిపోతే?"

"విడిపోదు." కాసేపాగి, "సామాన్యంగా విడిపోదు."

సామాన్యంగా. వెనక సీట్లో కాళ్ళు ఊపుకుంటూ కూర్చునే వాళ్ళు గుర్తొచ్చారు. ఘాటు దిగేటప్పుడు అందరూ కలిసి అరిచే అరుపు గుర్తొచ్చింది. సరిచేయాలి అని అప్పటికే రాసి ఉన్నాను. కొట్టేశాను. పక్కన రాశాను — మార్చాలి. కొత్త బీము.

"నువ్వు ఓనరమ్మవు" అన్నాడు బావ. కోపం లేదు. నాకు ఈ రోజుల్లో మొదటిసారి ఒక మంచి పని చేసినట్టుంది.

మే 12, సోమవారం. కుప్పం.

సర్వేయరు మళ్ళీ వచ్చాడు. వ్యాను కిందకు దూరి ఫోటోలు తీశాడు. పగులు చూసి, "మంచిపని చేసినారు మేడం, మార్చాల్సిందే. అతికించిన దాంట్లో పిల్లోళ్ళను ఎక్కించేది నేనైతే ఒప్పుకోను" అన్నాడు. పొగడ్త విని లోపల పొంగాను కూడా.

తర్వాత క్యాలిక్యులేటరు తీశాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

రిపేరు అంచనా బండి విలువలో ముప్పాతిక దాటిందట. దాటితే రిపేరుకు ఇవ్వరు. బండి పోయినట్టే లెక్క కట్టి, విలువ ఇచ్చేసి, బండిని తీసుకుపోతారు. టోటల్ లాస్. తుక్కుకు.

"బీము ఒక్కటి లేకుంటే?"

నా మొహం చూడకుండా చెప్పాడు. "ఆ ఒక్క లైను లేకుంటే దాటేది కాదు మేడం."

అంకెలు ఇక్కడ రాయను. చూసి చూసి కళ్ళు మండుతున్నాయి. ఆ లైను రాసింది నేను. నా చేతిరాతతో, గుండ్రంగా, కింద గీత కూడా గీసి.

ఇంకో దారి ఉంది, చెప్పాడు. రిపేరే కావాలంటే వాళ్ళు ఇచ్చినంత తీసుకొని మిగతాది మనమే పెట్టుకోవాలి. చెల్లనివి ఎట్లాగూ చెల్లవు. దేనికైనా నా సంతకం కావాలి. శుక్రవారంలోగా.

బావ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను ఆయన్ను ఎన్నన్నానో మనసులో... ఆయన అడక్కుండా చేసి చెడగొట్టాడు, నేను ఆలోచించి చేసి చెడగొట్టాను. ఇద్దరి ఫలితమూ ఒకటే.

మే 13.

కొత్త బీము వద్దని రాస్తే? ఒక్క గీత. ఊళ్ళో ఎవరికీ తెలీదు.

నాకు తెలుసు.

మే 14, బుధవారం. మదనపల్లె.

ఆయన బాగున్నాడు. బాగుండడమే నాకు కష్టంగా ఉంది. పాలవాడితో, నర్సుతో, పక్క మంచం రామప్పతో ఒకటే కబుర్లు. "జూన్ పదిలోగా వచ్చేస్తాం కదా సుగుణా." వచ్చేస్తాం అంటాడు, వచ్చేస్తాను అనడు. బండీ తనూ.

బావ వచ్చి చూసి వెళ్ళాడట నిన్న. నాకు చెప్పలేదు. "ఏమన్నాడు?" అంటే, "ఏముండాది, అన్నదమ్ముల మాటలు."

ముప్పాతిక సంగతి బావ చెప్పి ఉంటాడా? చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ నవ్వు ఉండదు.

మే 15.

లెక్క వేసుకుంటున్నాను, అంకెల లెక్క కాదు. ఆయన నడపలేడు. డ్రైవరును పెడితే మరొకడి చేతిలో తన బండిని రోజూ చూస్తూ ఇంటి అరుగు మీద కూర్చోవాలి. అది మరీ ఘోరం. బండి లేకుండా పోతే ఒకసారి ఏడుస్తాడు. ఏడ్చి లేస్తాడు. ఏదైనా అంగడి పెట్టిస్తాను. మెల్లగా చెప్తాను. ఇంటికి వచ్చాక చెప్తాను.

ఇట్లా చెప్పుకుంటుంటే నిజమే అనిపిస్తుంది. ఆపగానే అనిపించదు.

మే 16, శుక్రవారం.

సంతకం చేశాను.

సర్వేయరు ఇంటికే వెళ్ళాను, ఆస్పత్రికి దగ్గరే. వాళ్ళ అమ్మ మజ్జిగ ఇచ్చింది. టోటల్ లాస్‌కు సమ్మతమే అని. పెన్ను ఆగింది ఒకసారి, సిరా అయిపోయిందనుకున్నాను. సిరా ఉంది.

"సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఇచ్చేస్తాను మేడం. ఇంక మీరు దిగులు పడొద్దండి."

ఆయనకు చెప్పలేదు. రాత్రి అన్నంలో ఉప్పు ఎక్కువైందన్నాడు. అవునన్నాను.

మే 17, శనివారం.

రాయాలి, లేకపోతే పిచ్చెక్కుతుంది.

పొద్దున కట్టు మార్చారు. కాలు చూశాడు. మొదటిసారి నిండుగా చూశాడు. అక్కడక్కడ వేలితో ఒత్తి చూశాడు. నర్సు వెళ్ళాక, "ఎస్టిమేటు ఉండాదా నీ దగ్గర?" అన్నాడు.

ఇచ్చాను. ఇవ్వనని ఏమని చెప్పాలి. ఒక్కో పద్దు మీదా వేలు పెట్టుకుంటూ కిందికి వచ్చాడు. క్లచ్చి పెడలు దగ్గర ఆగాడు.

"ఇది సరిచేయాల్సిన పని లేదు."

"ఎందుకు?"

"ఎందుకేమే. ఈ కాలు వంగదు కదా." పాల ధర చెప్పినట్టు చెప్పాడు. "మొదటి వారమే తెలుసు నాకు. కట్టులోపల వేలు ఆడించేది తెలీదా, మోకాలు ఆడంది తెలీదా? నువ్వు ఆ రోజు మొహం అట్ల పెట్టుకొని వచ్చి నడుస్తారంట అన్న్యావే... పాపం, ఎంత కష్టపడి చెప్తాండాదో అనుకున్యా. అందుకే నేనూ అడగలా."

దుప్పటి అంచు సర్దాను.

"బెంగుళూరులో ఒకాయన ఉండాడంట, కాలు లేకుండా నడుపుతాడంట. క్లచ్చిని చేత్తో ఒత్తేట్ల లివరు. లైసెన్సు వాళ్ళు సూసి ఒప్పుకుంటే నడపొచ్చంట. ఎస్టిమేటులో ఒక లైను తక్కువుండాది సుగుణా. అది రాయి. క్లచ్చి — మార్చాలి. సేతికి."

పెన్సిలు ఇచ్చాడు. నేను రాశాను. సంతకం చేసేసిన ఎస్టిమేటు నకలు మీద, అడుగున, రాశాను. ఏమీ చెప్పకుండా రాశాను.

"ఇంటికి పోయి నా లైసెన్సు తీసుకురా. ట్రంకు పెట్టెలో ఉండాది. చెయ్యి పెట్టగానే దొరుకుతాది."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. ఆయన రామప్ప వైపు తిరిగి, "మా ఆవిడ చేతిరాత సూడప్పా, అచ్చేసినట్టు ఉంటాది" అంటున్నాడు.

మే 18, ఆదివారం. పుంగనూరు.

ఆరాధనకు పోలేదు. ఏం అడగాలి? చేసిన సంతకం చెరిపేయమనా?

పిల్లలను ఎక్కిస్తారా, కాలు వంగని మనిషి బండిలో? నేనైతే నా పిల్లను ఎక్కిస్తానా? తెలీదు. లైసెన్సు ఇస్తారా? తెలీదు. కొత్త బీముకు మిగతాది ఎక్కడనుంచి? తెలీదు. అన్నీ తెలిసినట్టు శుక్రవారం సంతకం చేశాను చూడు, ఆ తెలివి ఎక్కడిది నాకు?

ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టడానికి నేనెవరు? బావ అడక్కుండా రేకు కొట్టాడని ఎంత కోపగించాను. నేను అడక్కుండా మనిషినే...

సర్వేయరు ఇంటికి ఫోను. ఎత్తలేదు. మధ్యాహ్నం మళ్ళీ. ఎత్తలేదు. అంగడాయన, "ఊరికి పోయుంటారమ్మా ఆదివారం గదా" అన్నాడు.

లైసెన్సు దొరికింది. చెయ్యి పెట్టగానే. ఫోటోలో మీసం నల్లగా ఉంది.

మే 19, సోమవారం.

ఎస్టీడీ అంగడి తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. ముందు సర్వేయరుకు చేయాలి. బావకు చేశాను. పిరికితనం. బావ కుదరదంటే ఇంక ఎవరికీ చేయనక్కర్లేదు కదా.

"బావా, క్లచ్చిని చేత్తో ఒత్తేట్టు లివరు..."

"సెప్పేసినాడా? నీకు సెప్పొద్దన్న్యాడే నాతో."

"పెట్టగలవా?"

"పెట్టేసినా గదమ్మా. ఆసుపత్రికి పోయొచ్చిన మర్నాడే. స్టీరింగు పక్కన, కుడిసేతికి అందేట్ల. నేనే కూసోని ఒత్తి సూసినా, బాగా పట్టుకుంటాది. నువ్వు సూస్తే సంతోషపడతావులే అని సెప్పలా."

పెట్టేశాడు. మళ్ళీ. అడక్కుండా.

ఈసారి కోపం రాలేదు. కోపం వస్తే ఎంత బాగుండేది. "మంచిది బావా" అన్నాను. శుక్రవారం సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. "తమ్మునికి సెప్పు, గంటకు తాడు కూడా కొత్తది తెచ్చినా" అన్నాడు. ఫోను పెట్టేశాను.

సర్వేయరు నంబరు. ఎంగేజి. మళ్ళీ. ఎంగేజి. నా వెనక ఒకాయన చేతిలో చిల్లర ఆడిస్తున్నాడు. మళ్ళీ చేశాను. మోగింది. ఎత్తారు. వాళ్ళమ్మ.

"ఇప్పుడే బయల్దేరినాడమ్మా ఆఫీసుకు. పేపర్లన్నీ తీసుకొని. నువ్వు ఫోను చేసినావని సెప్పేదా?"

బస్‌స్టాండులో రాస్తున్నాను. ఆ కాగితం ఆఫీసులో ఇచ్చేలోగా అతన్ని అందుకోవాలి. మదనపల్లె బస్సెక్కి కూర్చున్నాను, సగం కూడా నిండలేదు. కండక్టరును రెండుసార్లు అడిగాను. నిండనీ మేడం అంటాడు. సంచిలో లైసెన్సు, నకలు కాగితం, గంట. నేను కదిలినప్పుడల్లా గంట మోగుతోంది, ముందు సీటు పిల్లవాడు వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

డ్రైవరు ఇంకా టీ దగ్గరే ఉన్నాడు. దిగి వెళ్ళి అడుగుతాను.